బ్యాచ్‌లో తిరుగుతున్న పదిహేనేళ్ళ కొడుకు: ముందుగా చూడవలసింది ఆ గుంపులోని పెద్దవాడిని

అమ్మా, మీరు రాసిన విషయాన్ని ముందుగా నా మాటల్లో చెప్పుకుంటాను, పొరపాటుగా అర్థం చేసుకోకుండా ఉండేందుకు. మీరు సికింద్రాబాద్ వైపు ఒక బస్తీలో ఉంటున్నారు. మీ పెద్దబ్బాయికి పదిహేనేళ్ళు నిండాయి, పదో తరగతి చదువుతున్నాడు. పోయిన వినాయక చవితి నుంచి గల్లీలోని ఏడెనిమిది మంది పిల్లలతో కలిసి ఒక బ్యాచ్‌గా తిరుగుతున్నాడు. నిమజ్జనం ఊరేగింపులో పక్క బస్తీ పిల్లలతో మొదలైన లొల్లి ఇంకా చల్లారలేదు. రాత్రి పదకొండు దాటితే గానీ ఇల్లు చేరడం లేదు. ఈ మధ్య బడి సంచిలో మడత కత్తి కనిపించింది. ఆటో నడిపే మీ ఆయన కోపం పట్టలేక కొడితే రెండు రాత్రులు ఇంటికి రాలేదు, ఎక్కడ పడుకున్నావని అడిగితే "అన్న రూంల" అన్నాడు. వాడిని ఊళ్ళో అమ్మమ్మ దగ్గరికి పంపాలా, పోలీసులకు చెప్పి భయపెట్టించాలా, అసలు వీడు చేయి దాటిపోయాడా అని మూడు ప్రశ్నలు అడిగారు. ఇంట్లో ఆరో తరగతి చదివే చిన్నవాడు కూడా ఉన్నాడని చివర్లో ఒక్క ముక్క రాశారు.

నేను ఇరవై ఏళ్ళకు పైగా ఈ నగరంలో చట్టంతో సంఘర్షణ పడిన పిల్లలతో, వాళ్ళ తల్లిదండ్రులతో పని చేస్తున్నాను. మీ మూడో ప్రశ్నకు ముందుగా జవాబు చెబుతాను, ఎందుకంటే అది మీ నిద్ర చెడగొడుతున్న ప్రశ్న. వాడు చేయి దాటిపోలేదు. రెండు రాత్రుల తర్వాత తనంతట తాను ఇంటికి తిరిగివచ్చిన పిల్లవాడు, ఎక్కడ పడుకున్నావంటే అబద్ధం చెప్పకుండా నిజం చెప్పిన పిల్లవాడు, ఇంకా మీవాడే. అయితే ఆ నిజంలోనే నన్ను కలవరపెట్టిన మాట ఒకటి ఉంది. అది కత్తి కాదు, అన్న రూం.

పిల్లలు గుంపు కట్టడం ప్రమాదం కాదు. పదమూడు, పద్నాలుగేళ్ళ వయసులో మగపిల్లలు ఇంటి గడప దాటి తమ ఈడు వాళ్ళ మధ్య ఒక చోటు వెతుక్కోవడం ఈ నగరంలో ఎప్పుడూ ఉన్నదే. మన బస్తీల్లో ఇల్లు అంటే చాలాసార్లు ఒకటిన్నర గది. అందులో ఎదిగిన పిల్లవాడికి కూర్చోవడానికి కూడా తావుండదు. అందుకే గల్లీ మొగలో అరుగు, చాయ్ బండి, మూసేసిన దుకాణం షట్టరు ముందు మెట్లు వాడికి ముందు గది అవుతాయి. పాతబస్తీ వైపు ఆ అరుగులను చబూత్రా అంటారు. అర్ధరాత్రి దాటాక వాటి మీద కూర్చున్న కుర్రవాళ్ళను పట్టుకుని, తల్లిదండ్రులను పిలిపించి కౌన్సెలింగ్ చేయడానికి పోలీసులు పెట్టిన కార్యక్రమానికి కూడా ఆ పేరే వచ్చింది. 1927లో షికాగో నగరంలోని 1,313 గుంపుల మీద తన పరిశోధనను ప్రచురించిన ఫ్రెడరిక్ థ్రాషర్ అనే సమాజ శాస్త్రవేత్త, ఇవన్నీ మొదట వీధిలో ఆడుకునే పిల్లల జట్లుగానే పుడతాయని, మరో గుంపుతో తగవు వచ్చాకే గట్టిపడతాయని గమనించారు. మీ బస్తీలో జరిగింది కూడా అదే. నిమజ్జనం దాకా వాళ్ళు మండపానికి చందాలు వసూలు చేసి, లైట్లు కట్టి, రాత్రిళ్ళు విగ్రహానికి కాపలా పడుకున్న పిల్లలు. ఊరేగింపులో దెబ్బలాట జరిగిన మర్నాటి నుంచి వాళ్ళు ఒక బ్యాచ్.

ఇక్కడి దాకా మీరు భయపడవలసింది తక్కువ. ఇలాంటి గుంపులు చాలావరకు వాటంతట అవే విడిపోతాయి. ఒకడు ఇంటర్‌లో చేరతాడు, ఒకడు ఏసీ మెకానిక్ దగ్గర పనికి కుదురుతాడు, ఒకడి కుటుంబం ఇల్లు మారుతుంది. అమెరికా నగరాల్లో ఏళ్ళ తరబడి పిల్లలను గమనిస్తూ చేసిన అధ్యయనాల్లో, వీధి ముఠాల్లో చేరిన వాళ్ళలో ఎక్కువమంది ఏడాది తిరిగేసరికి బయటికి వచ్చేశారని తేలింది. అక్కడి ముఠాలు మన బ్యాచ్‌ల కంటే చాలా కరకువి, ఆయుధాలున్నవి. అక్కడే అలా ఉన్నప్పుడు మన దగ్గర మరింత ఆశ పెట్టుకోవచ్చు.

గుంపు విడిపోకుండా నిలిచిపోయేది, చెడుదారి పట్టేది, దాన్ని ఒక పెద్దవాడు చేరదీసినప్పుడు. నేను చూసిన కేసుల్లో పిల్లలు మాత్రమే ఉన్న గుంపుకూ, ఇరవై ఐదు ముప్పై ఏళ్ళ వాడు మధ్యలో ఉన్న గుంపుకూ ఉన్న తేడా మరే విషయంలోనూ కనబడలేదు. పేదరికం, చదువు, తండ్రి తాగుడు, ఇవన్నీ రెండు రకాల గుంపుల్లోనూ ఉన్నాయి. పెద్దవాడు ఒక్కచోటే ఉన్నాడు. కాబట్టి బ్యాచ్ గురించి మిమ్మల్ని ఎవరు ఏం అడిగినా, నేను అడిగేవి రెండే ప్రశ్నలు: అందులో అందరికంటే పెద్దవాడు ఎవడు, బిర్యానీకి డబ్బులు ఎవడు ఇస్తున్నాడు?

పిల్లలు "అన్న" అని పిలిచే ఆ పెద్దవాడు ఎలా పని చేస్తాడో మీకు తెలియాలి. మొదట ఏమీ అడగడు. చాయ్ తాగిస్తాడు, బండికి పెట్రోలు పోయిస్తాడు, పుట్టినరోజు నాడు గల్లీ మొగలో ఫ్లెక్సీ కట్టించి అందులో పిల్లల ఫోటోలు వేయిస్తాడు. పదిహేనేళ్ళ వాడికి తన ముఖం నిలువెత్తు ఫ్లెక్సీ మీద కనబడటం ఎంత గొప్పగా ఉంటుందో మనం తక్కువ అంచనా వేయకూడదు. ఇంట్లో తండ్రి కొట్టిన రాత్రి పడుకోవడానికి చోటిస్తాడు. తర్వాత చిన్న చిన్న పనులు వస్తాయి: ఫలానా చోటికి వెళ్ళి ఒక కవరు తెచ్చిపెట్టు, వాడు డబ్బులు ఎగ్గొట్టాడు, నలుగురు పోయి నిలబడి రండి. ఒక ప్లాటు దగ్గర సెటిల్‌మెంటుకు గుంపు కావాలి, ఎన్నికల ర్యాలీకి బైకులు కావాలి, గంజాయి పొట్లం ఒక చోటి నుంచి ఇంకో చోటికి చేరాలి. ఆ పనులకు పిల్లలే ఎందుకంటే, దానికి ఆయన దగ్గర సిద్ధంగా ఒక మాట ఉంటుంది: "నువ్వు మైనర్‌వి తమ్మీ, నీకేం గాదు, నేను చూసుకుంట."

ఆ మాటలో ఎంత నిజముందో, ఎంత మోసముందో వివరంగా చెప్పవలసి ఉంది, ఎందుకంటే పిల్లలూ తల్లిదండ్రులూ కూడా దాన్ని నమ్ముతున్నారు. 2015 నాటి బాలల న్యాయ చట్టం పద్దెనిమిదేళ్ళ లోపు వాళ్ళందరినీ బాలలుగానే చూస్తుంది. వాళ్ళను పోలీసు లాకప్‌లో గానీ జైల్లో గానీ పెట్టకూడదు, చేతులకు బేడీలు వేయకూడదు, అదుపులోకి తీసుకున్న 24 గంటల లోపు బాలల న్యాయ మండలి ముందు హాజరు పరచాలి. ఆ మండలిలో ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు, ఆ ఇద్దరిలో కనీసం ఒకరు మహిళ కావాలి. మామూలు నేరాల్లో పిల్లవాడి మీద ఎఫ్ఐఆర్ కూడా వేయరు. స్టేషన్ డైరీలో రాసుకుని, వాడి ఇంటి పరిస్థితుల మీద ఒక నివేదికతో పాటు మండలికి పంపుతారు. ఇదంతా నిజమే. అయితే ఈ వెసులుబాటుకు రెండు మినహాయింపులు ఉన్నాయి. నేరం ఘోరమైనదైతే ఎఫ్ఐఆర్ వేయవచ్చు, పెద్దవాళ్ళతో కలిసి చేసినదైనా వేయవచ్చు. అంటే "నేను చూసుకుంట" అనే ఆ అన్న పక్కన ఉండటమే మీవాడిని ఆ రక్షణకు దూరం చేస్తుంది.

వయసు సంగతి కూడా గుర్తుంచుకోండి. మీ అబ్బాయికి త్వరలో పదహారు నిండుతాయి. పదహారు నుంచి పద్దెనిమిది మధ్య వయసు వాడి మీద హత్య వంటి, కనీస శిక్షే ఏడేళ్ళు లేదా అంతకు మించి ఉన్న ఘోర నేరం ఆరోపణ వస్తే, మండలి ప్రాథమిక మదింపు చేసి, వాడిని పెద్దవాడిగా విచారించడానికి బాలల న్యాయస్థానానికి పంపే వీలుంది. ఇంకో సంగతి ఉంది. మన చట్టంలో ఉమ్మడి ఉద్దేశం అనే సూత్రం, అయిదుగురు లేదా అంతకు మించిన వాళ్ళు గుమిగూడిన చట్టవిరుద్ధ సమూహం అనే సూత్రం ఉన్నాయి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలోనూ ఇవి అలాగే కొనసాగుతున్నాయి. కత్తి ఒకడి చేతిలో ఉన్నా, బండి నడిపినవాడు, గల్లీ మొగలో కాపలా నిలబడినవాడు, ఊరికే వెంట వెళ్ళినవాడు అందరూ ఆ కేసులోకి వస్తారు. "నేనేం చేయలే, వెనక నిలబడ్డ" అని ఏడ్చే పిల్లలను ఎంతోమందిని చూశాను. వాళ్ళు చెప్పింది చాలాసార్లు నిజం కూడా. అయినా నెలల తరబడి తిరగవలసి వచ్చింది.

ఇక అదే చట్టం ఆ అన్న గురించి ఏం చెబుతుందో కూడా మీరు తెలుసుకోండి, మీ ఆయనకు చెప్పండి. పిల్లలను చట్టవిరుద్ధ పనులకు వాడుకున్న పెద్దవాళ్ళకు బాలల న్యాయ చట్టం కింద ఏడేళ్ళ వరకు కఠిన కారాగారం, అయిదు లక్షల రూపాయల జరిమానా ఉన్నాయి. పిల్లల చేత మద్యం, మత్తు పదార్థాలు మోయించినా, అమ్మించినా ఏడేళ్ళ వరకు శిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. నేరం చేయించడానికి పిల్లవాడిని పనిలో పెట్టుకున్న వాడికి న్యాయ సంహిత 95వ సెక్షన్ కింద మూడేళ్ళకు తగ్గకుండా, పదేళ్ళ వరకు శిక్ష వేయవచ్చు. ఈ సంగతులు మీవాడికి కోపంగా కాకుండా, అన్నం తినేటప్పుడు వార్త చెప్పినట్లు చెప్పండి. అన్న తనను కాపాడుతున్నాడని వాడు అనుకుంటున్నాడు. ఎవరు ఎవరి వెనక దాక్కుంటున్నారో వాడే ఆలోచించుకుంటాడు.

కత్తి విషయం. మీరు దాన్ని పారేశారని రాశారు, మంచిదే, కానీ ఒక ప్రశ్న అడగకుండానే పారేసినట్లున్నారు. సంచిలో కత్తి పెట్టుకునే పిల్లల్లో ఎక్కువమంది ఎవరినో పొడవాలని పెట్టుకోరు, భయపడి పెట్టుకుంటారు. పక్క బస్తీ పిల్లలు బడి దారిలో కాపు కాస్తున్నారని, ఒంటరిగా దొరికితే కొడతారని వాడి భయం కావచ్చు. ఎవరికి భయపడుతున్నావని అడగండి. జవాబు వస్తే, బడికి వెళ్ళే దారి మార్చడం, కొన్నాళ్ళు మీ ఆయన ఆటోలో దింపడం, అవతలి పిల్లల తల్లులతో మీరే వెళ్ళి మాట్లాడటం వంటి దారులు తెరుచుకుంటాయి. ఆడవాళ్ళు మాట్లాడుకుని చల్లార్చిన గల్లీ తగవులు మగవాళ్ళ పంచాయితీలు చల్లార్చిన వాటికంటే ఎక్కువ అని నా అనుభవం.

ఇంకో మాట మీ అబ్బాయికి తప్పక చేరాలి. తొడ మీదనో పిరుదు మీదనో పొడిస్తే చావరు, అది వార్నింగ్ మాత్రమే అని ఈ పిల్లల్లో ఒక గట్టి నమ్మకం ఉంది. అది తప్పు. తొడలో శరీరంలోకెల్లా పెద్ద రక్తనాళాల్లో ఒకటి ఉంటుంది, అది తెగితే నిమిషాల్లో ప్రాణం పోతుంది. భయపెట్టడానికని చేసిన పనే హత్య కేసు అవుతుంది. ఎవరికైనా అలాంటి గాయమైతే పారిపోకుండా, గుడ్డను గాయం మీద బలంగా అదిమిపట్టి వదలకుండా ఉండాలని, వెంటనే 108కి ఫోన్ చేయాలని వాడికి నేర్పండి. తన స్నేహితుడి ప్రాణం కాపాడే విద్యగా నేర్పితే ఆ వయసు వాడు శ్రద్ధగా వింటాడు.

పిల్లలు ఒంటరిగా ఉన్నప్పుడు చేయని పని నలుగురిలో ఎందుకు చేస్తారు అన్నది తల్లిదండ్రులను ఎప్పుడూ బాధపెట్టే విషయం. 2005లో మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టైన్‌బర్గ్ అనే పరిశోధకులు కంప్యూటర్ తెర మీద కారు నడిపే ఆటతో ఒక ప్రయోగం చేశారు. పచ్చదీపం పసుపుగా మారాక కూడా ఎంత దూరం పోతారో చూశారు. పదమూడు నుంచి పదహారేళ్ళ వాళ్ళు ఒంటరిగా ఆడినప్పటి కంటే స్నేహితులు పక్కనుండగా ఆడినప్పుడు చాలా ఎక్కువ సాహసానికి పోయారు. ఇరవై నాలుగేళ్ళు దాటిన వాళ్ళలో ఆ తేడా దాదాపు కనబడలేదు. అంటే మీ అబ్బాయి ఇంట్లో మెత్తగా, బయట మొండిగా ఉండటం నటన కాదు. రెండూ వాడే. బుద్ధి చెప్పేది ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పాలి; స్నేహితుల ముందు ఒక్క మాట కూడా అనకూడదు. అడ్డా దగ్గరికి వెళ్ళి అందరి ముందు చెంప మీద కొట్టి తీసుకొచ్చిన తండ్రి, ఆ పిల్లవాడిని ఆ గుంపుకు ఇంకా గట్టిగా కట్టేసి వస్తాడు. వాడు పోయిన పరువును అక్కడే తిరిగి సంపాదించుకోవాలి కదా.

ఊరికి పంపడం గురించి. పక్క బస్తీ వాళ్ళ నుంచి నిజంగా ప్రాణభయం ఉంటే ఒకటి రెండు వారాలు పంపండి, కారణం కూడా వాడికి చెప్పే పంపండి. శిక్షగా మాత్రం పంపకండి. పదో తరగతి మధ్యలో బడి మాన్పించి పంపితే చదువు పోతుంది, తిరిగి వచ్చాక వాడికి మిగిలేది మళ్ళీ ఆ గుంపే. మొండి పిల్లలను బాగుచేస్తామని చెప్పే హాస్టళ్ళ గురించి కూడా జాగ్రత్త పడండి. దారి తప్పుతున్న పిల్లలందరినీ ఒకచోట చేర్చి బాగుచేయబోతే, వాళ్ళు ఒకరి నుంచి ఒకరు నేర్చుకుని ఇంకా చెడిపోవడం జరుగుతుందని థామస్ డిషియన్, జోన్ మెకార్డ్ వంటి పరిశోధకులు 1999లోనే హెచ్చరించారు. మీవాడికి కావలసింది మరో గుంపు చెడ్డ పిల్లలు కాదు, ఒక మంచి పెద్దవాడు.

ఇదే నేను మీకు చెప్పదలచుకున్న ముఖ్యమైన విషయం. వీధి పిల్లలను చేరదీసే పెద్దవాడు వాళ్ళను ఎటైనా తీసుకుపోగలడు, మన నగరం చరిత్రలోనే దీనికి గొప్ప ఉదాహరణ ఉంది. సయ్యద్ అబ్దుల్ రహీం బడిపంతులు. 1950 నుంచి 1963లో చనిపోయేదాకా హైదరాబాద్ సిటీ పోలీసు ఫుట్‌బాల్ జట్టుకు శిక్షకుడిగా ఉన్నారు. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదేళ్ళు రోవర్స్ కప్ గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆయన శిక్షణలో నాలుగో స్థానంలో నిలిచిన భారత జట్టులో పలువురు హైదరాబాదీలే. పౌరుషమూ, జట్టు కోసం ఏమైనా చేసే తెగువా, అవతలి జట్టు మీద పట్టుదలా ఆ ఆటగాళ్ళలోనూ ఉన్నాయి, మీ గల్లీ బ్యాచ్‌లోనూ ఉన్నాయి. వాటిని ఎవరు చేతిలోకి తీసుకున్నారన్నదే తేడా.

మీ బస్తీలో అలాంటి వాడు కోచ్ కానక్కర్లేదు. ఒకప్పుడు ఇలాగే తిరిగి, ఇప్పుడు సొంతంగా ఎలక్ట్రికల్ పనులు చేసుకుంటున్న ముప్పై ఏళ్ళ వాడు అయితే ఇంకా మంచిది, ఎందుకంటే అతని మాటకు వాడి దగ్గర విలువ ఉంటుంది. మేనమామ, బాబాయి, జిమ్ నడిపే ఆయన, వ్యాయామం నేర్పే సారు, ఎవరైనా సరే. వారంలో రెండు మూడు సాయంత్రాలు వాడిని తన వెంట తిప్పుకుని, చిన్న పని నేర్పి, దానికి చిన్న మొత్తమే అయినా డబ్బు చేతిలో పెట్టే మనిషి కావాలి. ఉపన్యాసాలు చెప్పే మనిషి వద్దు. సాయంత్రం ఆరు నుంచి రాత్రి పది దాకా ఉన్న నాలుగు గంటలే అసలు సమస్య. అందులో సగం నిండితే మిగతాది దానంతట అదే తగ్గుతుంది. ఎండాకాలం సెలవుల్లో నగరపాలక సంస్థ మైదానాల్లో పెట్టే క్రీడా శిబిరాలు కూడా ఉపయోగపడతాయి, అయితే పరీక్షలు అయ్యేదాకా ఆగి చూద్దామనుకోకండి.

బ్యాచ్ వదిలెయ్యమని మాత్రం వాడితో ప్రమాణాలు చేయించకండి. రేపు నుంచి మీతో తిరగను అని ప్రకటించిన పిల్లవాడిని గుంపు అనుమానిస్తుంది, ఏడిపిస్తుంది, ఒక్కోసారి కొడుతుంది. బయటికి వచ్చినవాళ్ళు చాలామంది చప్పుడు లేకుండా, కొద్ది కొద్దిగా దూరమై వచ్చారు. దానికి వాడికి సాకులు కావాలి, ఆ సాకులు మీరు కావాలి. "మా అమ్మ ఇంట్ల లొల్లి చేస్తుంది", "మా బాపు పనికి రమ్మన్నడు" అని చెప్పుకునే వీలు వాడికి ఇవ్వండి. తొమ్మిది గంటలకు రోజూ ఫోన్ చేయండి, వాడు విసుక్కున్నా చేయండి. ఇంటికి రావాలని ఉండి రాలేకపోతున్నప్పుడు మీకు తెలిసేలా ఒక మాట ఇద్దరూ అనుకోండి. ఉదాహరణకు "మందులు తెచ్చినవా" అని వాడు అడిగితే, అమ్మమ్మకు బాగాలేదని మీరు వెంటనే పిలిపించాలి. గట్టి అమ్మ అన్న చెడ్డపేరు మీరు మోస్తే, వాడి పరువు వాడికి మిగులుతుంది.

అప్పు సంగతి కూడా ఆరా తీయండి. అన్న వాడికి ఫోన్ కొనిచ్చి ఉండవచ్చు, చేతి ఖర్చులకు ఇచ్చి ఉండవచ్చు. ఆ లెక్క తేలనంత కాలం వాడు ఆయన పిలిస్తే పోక తప్పదు. ఎంతో తెలుసుకుని, బస్తీలో మాటకు విలువ ఉన్న ఒక పెద్దమనిషిని వెంటబెట్టుకుని మీ ఆయన వెళ్ళి, గొడవ పడకుండా, మర్యాదగా ఆ డబ్బు తిరిగి ఇచ్చి రావాలి. "పిల్లగాడు పరీక్షలకు చదువుకోవాలె, ఇగ జర వదిలెయ్యి" అన్న ఒక్క మాట చాలు. కుటుంబం గమనిస్తోందని, అడగడానికి మనుషులున్నారని తెలిసిన పిల్లవాడిని ఇలాంటి అన్నలు చాలాసార్లు వదిలేస్తారు. వాళ్ళు ఏరుకునేది అడిగేవాళ్ళు లేని పిల్లలను. అయితే ఆ మనిషి ఇప్పటికే రౌడీ షీట్ ఉన్నవాడైనా, గంజాయి వ్యాపారంలో ఉన్నవాడైనా ఈ పని మీరు చేయకండి, నేరుగా కింద చెప్పిన దారిలో వెళ్ళండి.

పోలీసుల దగ్గరికి వెళ్ళడం గురించి నా అభిప్రాయం ఇది. కేవలం భయపెట్టించడానికి తెలిసిన కానిస్టేబుల్‌తో నాలుగు దెబ్బలు వేయించడం వద్దు. దానివల్ల వాడు స్టేషన్‌లో ముఖం తెలిసినవాడవుతాడు, బ్యాచ్‌లో పేరున్నవాడవుతాడు, రెండూ చెడ్డవే. కానీ గంజాయి మోయిస్తున్నారనో, ఫలానా వాడి మీద దాడికి సిద్ధమవుతున్నారనో మీకు తెలిస్తే దాచకూడదు. ప్రతి స్టేషన్‌లోనూ సహాయ సబ్ ఇన్‌స్పెక్టర్‌కు తగ్గని హోదాలో ఒక బాలల సంక్షేమ పోలీసు అధికారి ఉండాలని చట్టం చెబుతోంది. ఆయన పేరు అడిగి, ఆయనతోనే మాట్లాడతానని చెప్పండి. వెళ్ళడానికి జంకుగా ఉంటే ముందుగా బాలల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయండి. కేసు దాకా వస్తే వకీలుకు డబ్బు లేదని దిగులు పడకండి. ఆడవాళ్ళకు, పిల్లలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది, 15100 నంబరులో అడగవచ్చు. బాలుడి మీద వచ్చిన కేసు ఉద్యోగానికి, చదువుకు అనర్హత కాదని కూడా చట్టంలో ఉంది, పెద్దవాడిగా విచారించిన ఘోర నేరాలను మినహాయిస్తే. ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఒక్క కేసు పడగానే "ఇగ నీ జిందగీ ఇంతే, మాతోనే ఉండు" అని చెప్పి పిల్లలను శాశ్వతంగా కట్టేసుకునేవాళ్ళు ఉన్నారు.

వాడి ఫోన్‌లో పెట్టే రీళ్ళను ఒకసారి చూడండి. తల్వార్‌తో కేకు కోయడం, కత్తి తిప్పుతూ వీడియో పెట్టడం, అవతలి బ్యాచ్ పేరు పెట్టి తిట్టడం, ఈ మధ్య తగవులు చాలావరకు అక్కడే రాజుకుంటున్నాయి, పోలీసులూ వాటిని చూసే కేసులు పెడుతున్నారు. బండి కూడా ఇవ్వకండి. మైనర్ బండి నడిపి నేరం చేస్తే, మోటారు వాహనాల చట్టానికి 2019లో వచ్చిన సవరణ తర్వాత తల్లిదండ్రులకో బండి యజమానికో మూడేళ్ళ వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా ఉన్నాయి, బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దవుతుంది, ఆ పిల్లవాడికి ఇరవై ఐదేళ్ళు వచ్చేదాకా లైసెన్సు రాదు. మీ ఇల్లు గడిచేదే లైసెన్సు మీద. ఈ మాట మీవాడికి తేలిగ్గానే తలకెక్కుతుంది.

చదువు గురించి తొందరపడి నిరాశ పడకండి. ఈసారి పరీక్ష తప్పినా తెలంగాణ ఓపెన్ స్కూల్ ద్వారా పదో తరగతి పూర్తి చేయవచ్చు. ఆ తర్వాత మల్లేపల్లి వంటి చోట్ల ప్రభుత్వ ఐటీఐలు ఉన్నాయి, సెట్విన్ శిక్షణ కేంద్రాలు ఉన్నాయి. చేతిలో ఒక పని ఉన్న పద్దెనిమిదేళ్ళ వాడిని అన్నలు పెద్దగా పిలవరు, పిలిచినా వాడికి తీరిక ఉండదు.

మీ ఆయనతో నా మాటగా ఒక సంగతి చెప్పండి. పిల్లవాడు బయట వెతుక్కుంటున్నది మర్యాద. అక్కడ వాడిని పేరు పెట్టి పిలుస్తారు, మాట అడుగుతారు, నలుగురిలో నిలబెడతారు. ఇంట్లో వాడు వినేది ఎక్కడ తిరిగినవ్, ఎందుకు తిరిగినవ్ అన్న ప్రశ్నలే. ఆటో ఫిట్‌నెస్ కాగితాల పని, కరెంటు బిల్లు, బ్యాంకు పని వంటివి వాడికి పూర్తిగా అప్పగించమనండి. తప్పు చేసినా మళ్ళీ అప్పగించమనండి. కొట్టడం మానేయమనండి. పదిహేనేళ్ళ కొడుకును కొట్టిన ప్రతిసారీ ఆ అన్న రూం తలుపు కొంచెం ఎక్కువగా తెరుచుకుంటుంది. వాడు మళ్ళీ రాత్రి ఇంటికి రాకపోతే, వచ్చిన క్షణంలో ముందు అన్నం పెట్టండి, మాట తెల్లవారి మాట్లాడండి.

ఇక మీ చిన్నవాడు. మీరు ఒక్క ముక్కలో రాసి వదిలేశారు కానీ నేను వదలలేను. ఇంట్లో జరిగే ప్రతి గొడవనూ వాడు చూస్తున్నాడు, తోడబుట్టిన అన్నను చూసి భయపడుతూనే గొప్పగా కూడా అనుకుంటున్నాడు. వాడి సాయంత్రాలను ఇప్పుడే ఏదో ఒక ఆటకో ట్యూషన్‌కో కట్టేయండి. పెద్దవాడు చేసిన దెబ్బలాటల కథలు వాడి ముందు చెప్పుకోకండి, తిట్టడానికైనా సరే. పెద్దవాడు రాత్రి ఆలస్యమైతే, పిలుచుకు రమ్మని చిన్నవాడిని అడ్డా దగ్గరికి అస్సలు పంపకండి. మీరో మీ ఆయనో వెళ్ళి కాస్త దూరంలో నిలబడి ఫోన్ చేయండి. నేను కలిసిన పిల్లల్లో చాలామందికి ఆ గుంపుతో మొదటి పరిచయం ఇంట్లోవాళ్ళు తోడబుట్టిన అన్నను పిలుచుకు రమ్మని పంపిన రోజునే జరిగింది.